ఒక పేరు, పలు ఆటలు: ‘ఫుట్‌బాలు’ శబ్దచరిత్రపై ఒక పరిశీలనము

1

ఆత్మకూరు అనిన ఏ ఆత్మకూరు? వనపర్తి జిల్లా ఆత్మకూరు నివాసికి తన యూరిలో ఈ ప్రశ్న యెదురుపడదు. ఊరు దాటిన పిమ్మట మాత్రము ఎదురుపడును. ఏలయన నెల్లూరు జిల్లాలో ఒక ఆత్మకూరు కలదు. నంద్యాల జిల్లాలో నల్లమల యంచున మఱియొకటి కలదు. అనంతపురము జిల్లాలో ఒకటి, హనుమకొండ జిల్లాలో ఒకటి కలవు. సూర్యాపేట జిల్లాలోని దానిని ఆత్మకూరు (ఎస్) అనియు, యాదాద్రి భువనగిరి జిల్లాలోని దానిని ఆత్మకూరు (ఎం) అనియు కార్యాలయములవారు వ్రాయుచున్నారు. ఈ కుండలీకరణములలోని యక్షరము దస్త్రముల సౌకర్యమునకై చేరినది. ఏ యూరివారికి ఆ యూరే విశేషణము లేని ఆత్మకూరు. తక్కినవన్నియు విశేషణముతో చెప్పవలసినవి.

మన ఆత్మకూరునందే దీనికి విపర్యయమైన ఉదాహరణము కూడ కలదు. నిజాము రాజ్యమునకు లోబడిన తెలుగు సంస్థానములలో అమరచింత సంస్థానమొకటి. దాని రాజధాని ఆత్మకూరు. అందుచే సాహిత్యచరిత్రకారులు ఒకప్పుడు అమరచింత సంస్థానమనియు, ఒకప్పుడు ఆత్మకూరు సంస్థానమనియు వ్యవహరించిరి. అచట ఒక పేరునకు పలు వస్తువులు; ఇచట ఒక వస్తువునకు రెండు పేరులు. నానార్థము, పర్యాయము అని నిఘంటుకారులు చెప్పు రెండు ధర్మములును ఒక్క యూరిపేరుననే మనకు కన్పట్టుచున్నవి.

ఈ వ్యాసమున మేము విచారింపబూనినది ఊరిపేరు గాదు, ఒక ఆటపేరు. ‘ఫుట్‌బాలు’ అను మాట తెలుగువానికి సందేహము కలిగింపదు. పదునొకండుగురు చొప్పున రెండు పక్షములవారు బంతిని కాలితో తన్ని గోలు చేయు ఆట అది. కాని ఉత్తర ఇంగ్లండునందలి విగన్, హల్, సెయింట్ హెలెన్స్ వంటి పట్టణములందును, ఆస్ట్రేలియాలోని సిడ్నీ, బ్రిస్బేన్ నగరములందును బంతిని చేతపట్టి పరుగిడు రగ్బీ లీగు ఆటను ఆ మాటతో వ్యవహరించువారు కలరు. వారు మనము ఫుట్‌బాలు అనుదానిని ‘సాకరు’ అందురు. తమ యాటపేరు తమకు కాకుండ పోవుచున్నదని నొచ్చుకొందురు. ఈ నొప్పి కేవలము మాటకు సంబంధించినదా, లేక మాట వెనుక చరిత్ర యేదైన ఉన్నదా అనునది ప్రశ్న. ఆటల పేరులు సాంఘిక చరిత్రకు సామగ్రి యగునని గద్వాల ప్రాంతపువారే యైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’యందు చూపియున్నారు. కాన ఈ విచారణ తెలుగుశాఖ పరిధికి వెలియైనది కాదని మా తలంపు.

2

మొదట శబ్దమును వ్యాకరణదృష్టితో చూతము. శబ్దములు యౌగికములు, రూఢములు, యోగరూఢములు అని మూడు తెఱగులని మన పూర్వులు చెప్పిరి. పంకమున పుట్టునవి యెన్నియో యున్నను పంకజమనిన తామరయే. అవయవార్థమొకటి, లోకవ్యవహారము దానిని ఒకచోట నిలిపిన తీరు వేఱొకటి.

సాకరు పక్షమువారు ‘ఫుట్‌బాలు’ను యౌగికముగా గ్రహింతురు. పాదముచే తన్నబడు బంతి గనుక ఫుట్‌బాలు. బంతిని చంకనిడికొని పరుగిడు ఆటకు ఆ పేరు ఎట్లు చెల్లునని వారి ప్రశ్న. వినుటకు ఇది యుక్తముగనే యున్నది. కాని సమాసమునకు విగ్రహవాక్యమొక్కటియే యుండవలెనను నియమము లేదు. గుఱ్ఱమెక్కి ఆడు ఆటలనుండి వేఱుచేయుటకై, నేలపై నిలిచి పాదచారులు ఆడు బంతియాట యను అర్థమున ఈ పేరు వచ్చెనని తలంచిన పండితులును కలరు. ఈ రెండింటిలో ఏది మొదటిదో తేలలేదు. తేలినను వివాదము తీరదు. ఏలయన రగ్బీ లీగువారి వాదము యోగముపై ఆధారపడినది కాదు; రూఢిపై ఆధారపడినది. తమ తాతలు ఆ యాటను ఫుట్‌బాలు అనిరి, తాము అనుచున్నారు, కావున అది ఫుట్‌బాలు. శబ్దశాస్త్రమున ఈ వాదమునకు తక్కువ బలము లేదు.

చరిత్ర కూడ వారి పక్షమున కొంత మాటాడును. లండను మేయరు 1314లో వీధులందు ఇట్టి బంతియాటను నిషేధించెను. స్కాట్లండు శాసనసభ 1424లో ఫుట్‌బాలు ఆడరాదని శాసనము చేసెను. ఆ నాటి ఆటలో ఊరికి ఊరే ఒక పక్షముగా దిగును. బంతిని తన్నుటయు కలదు, పట్టుకొని పరుగిడుటయు కలదు. అది నేటి ఏ యొక్క ఆటయు కాదు, అన్నింటికి మూలము. మూలద్రావిడమునుండి తెలుగు, తమిళము, కన్నడము వేఱుపడినట్లు ఈ యాటలు ఆ పాత యాటనుండి వేఱుపడినవి. అన్నదమ్ములలో ఒకడు తల్లి పేరు తనకే చెల్లునని పట్టుపట్టుట వంటిది ఈ వివాదము.

3

వేఱుపాటు జరిగిన తీరు స్పష్టముగ తెలియుచున్నది. రగ్బీ పాఠశాల తన యాట నియమములను 1845లో వ్రాతరూపమున నిలిపెను. 1863 అక్టోబరు 26న లండనులో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడెను. దాని తొలి ముసాయిదాలో బంతితో పరుగిడుటయు, ఎదిరి కాలిపై తన్నుటయు ఉండెను. ఆ రెండును తుదకు తొలగింపబడుటచే బ్లాక్‌హీత్ క్లబ్బు వెడలిపోయెను. 1871లో రగ్బీవారు తమ సంఘమును స్థాపించుకొని దానికి ‘రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్’ అని పేరిడిరి. ఇరుపక్షములవారును ఫుట్‌బాలు అను మాటను విడువలేదు. ఒకటి అసోసియేషన్ ఫుట్‌బాలు, రెండవది రగ్బీ ఫుట్‌బాలు. ఆత్మకూరు (ఎస్), ఆత్మకూరు (ఎం) వలెనే రెండును విశేషణముతో కూడిన పేరులు.

విశేషణములు నిత్యవ్యవహారమున నలిగి చిన్నవగును. ఆక్స్‌ఫర్డు విద్యార్థులు తమ యాసలో పదమును కుదించి ‘అర్’ అను ప్రత్యయమును తగిలించుట వాడుక. రగ్బీని ‘రగ్గర్’ అనిరి. అసోసియేషన్ అను మాట నడుమనుండి ఒక తునుకను గ్రహించి ‘సాకర్’ అనిరి. కాన సాకరు అమెరికావారు పుట్టించిన మాట కాదు. ఇంగ్లండున పుట్టి, సుమారు 1970 వఱకును అచటి పత్రికలయందును పుస్తకములయందును నిస్సంకోచముగ వాడబడిన మాట. అమెరికావారి మాటయను భావము బలపడిన పిమ్మట ఇంగ్లండువారే దానిని పరాయిదానినిగా చూడసాగిరి. తన బిడ్డను పొరుగువాడు పెంచినంతనే తనది కాదన్నట్లు ఈ కథ యున్నది.

రగ్బీ లీగు పుట్టుకలోనే దాని అభిమానుల మనస్తత్వము ఇమిడియున్నది. ఉత్తర ఇంగ్లండులో గనులయందును, మిల్లులయందును పనిచేయువారు రగ్బీ ఆడుచుండిరి. శనివారము ఆటకు పోయినచో ఆ పూట కూలి పోవును. ఆ నష్టమునకు పరిహారమీయవలెనని 1893లో చేసిన ప్రతిపాదనము రగ్బీ యూనియన్ సభయందు 136కు 282 వోట్లతో వీగిపోయెను. కూలి లెక్క యెఱుగని దక్షిణప్రాంతపు పెద్దమనుష్యులకు ఆటకై ధనము గ్రహించుట హీనముగ తోచెను. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డు పట్టణమున జార్జి హోటలులో ఉత్తరప్రాంతపు క్లబ్బులు సమావేశమై నార్తర్న్ యూనియనును స్థాపించినవి. 1906లో ఆటగాండ్ర సంఖ్యను పదునైదునుండి పదుమూటికి తగ్గించిరి. 1922లో సంఘము పేరును రగ్బీ ఫుట్‌బాల్ లీగు అని మార్చిరి. ఈ పేరునందును ఫుట్‌బాలు నిలిచియున్నది. చీలిపోయిన వారిపై రగ్బీ యూనియన్ విధించిన బహిష్కారము దాదాపు నూఱేండ్లు సాగి, యూనియన్ కూడ వృత్తిక్రీడాకారులను అంగీకరించిన 1995లో గాని తొలగలేదు. వెలివేసినవారే నూఱేండ్లకు వెలివడినవారి మార్గమునకు వచ్చిరి.

4

రగ్బీ లీగువారి వైరము మొదట రగ్బీ యూనియనుతో గదా. సాకరుపై కినుక యేల? సాకరు సంఘము 1885లోనే వృత్తిక్రీడాకారులను అంగీకరించెను. 1888లో ఫుట్‌బాల్ లీగు ప్రారంభమాయెను. కూలివానికి కూలి యిచ్చుట అను విషయమున ఈ రెండాటలును ఒకే పక్షమున నుండవలసినవి. కాని ఒకే పట్టణమున, ఒకే శనివారమున, ఒకే జేబులోని నాణెమునకై రెండు ఆటలు పోటీపడినచో స్నేహము నిలువదు.

బ్రాడ్‌ఫర్డు నగర వృత్తాంతము దీనికి తార్కాణము. 1895లో నార్తర్న్ యూనియనును స్థాపించిన క్లబ్బులలో మానింగ్‌హాం ఒకటి. మొదటి యేటి విజేత కూడ అదియే. ఆ క్లబ్బు 1903లో రగ్బీని విడిచి బ్రాడ్‌ఫర్డ్ సిటీ యను సాకరు క్లబ్బుగా మాఱెను. 1907లో బ్రాడ్‌ఫర్డు క్లబ్బు కూడ అదే త్రోవ త్రొక్కెను. దానిని మహాద్రోహమని పిలిచి, ఒప్పనివారు బ్రాడ్‌ఫర్డ్ నార్తర్న్ అను క్రొత్త రగ్బీ క్లబ్బును నెలకొల్పుకొనిరి. మైదానము పోయెను, గ్యాలరీ పోయెను, ఆదాయము పోయెను. ఇట్టి అనుభవము కలవారికి పేరు కూడ పోవుచున్నదనిన కష్టము కలుగుటలో వింత లేదు.

కాన రగ్బీ లీగు అభిమాని సాకరును గూర్చి చెప్పు ఎత్తిపొడుపులను రెండు విధములుగా విభజింపవచ్చును. మొదటివి ఆటపై చెప్పునవి: ఒక గోలునకై గంటన్నర కాచుకొనవలెననియు, తాకీతాకకమునుపే నేలబడి నొప్పి నటింతురనియు, రెఫరీని చుట్టుముట్టి వాదింతురనియు. ఇవి ఏ ఆటవారు ఏ ఆటపైనైనను చెప్పునట్టివే. రెండవవి లోతైనవి: పత్రికలలో స్థలమంతయు సాకరుదే, దూరదర్శనమున కాలమంతయు సాకరుదే, పాఠశాలలో బాలురందఱు సాకరుకే, తుదకు సామాన్యనామమును సాకరుకే. ఈ నాలుగవది తక్కిన మూటికి ముద్రవంటిది. అల్పసంఖ్యాకుని భాషకు బహుసంఖ్యాకుడు ‘మాండలికము’ అని పేరిడి తన భాషకు ‘భాష’ అను మాటనే ఉంచుకొనుట మనకు తెలియని విషయము కాదు. తెలంగాణపు పలుకుబళ్ళు ఎంతకాలము ఈ అవమానమును భరించినవో ఎఱిగినవారికి ఈ కినుక అర్థము కాగలదు.

ఐనను ఈ వైరమును అతిశయించి చెప్పరాదు. విగన్‌లో 1999నుండి రెండాటల క్లబ్బులును ఒకే స్టేడియమును పంచుకొనుచున్నవి; హల్‌లో 2002నుండి అట్లే. 2013లో విగన్ అథ్లెటిక్ ఎఫ్.ఏ. కప్పును, విగన్ వారియర్స్ ఛాలెంజి కప్పును గెలిచినవి. ఆ యేట ఆ యూరికి రెండు కప్పులును తమవే. ఊరి యభిమానము ఆట యభిమానమును మించుట ఇట తెలియవచ్చుచున్నది.

5

ఈ మాట భారతదేశమునకు వచ్చినపుడు ఏ యర్థముతో వచ్చినది? కలకత్తాలో 1872 క్రిస్మసునాడు ఆంగ్లేయులు రగ్బీ ఆడిరి. మఱుసటి యేట స్థాపింపబడిన కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు నిజమునకు రగ్బీ క్లబ్బు. పోలో, టెన్నిసు ఆటల యాకర్షణముచే అది కొలది యేండ్లలోనే మూతపడెను. అప్పుడు తమ నిధిలోని 270 వెండి రూపాయలను కరగించి, త్రాచుపాముల పిడులతోను ఏనుగు మూతతోను ఒక కప్పు చేయించి రగ్బీ యూనియనుకు ఒసంగిరి. ఇంగ్లండు, స్కాట్లండు దేశములవారు 1879నుండి దానికై పోటీపడుచున్నారు. దాని పేరు నేటికిని కలకత్తా కప్పే. మనదేశమున ఫుట్‌బాలు అను మాటతో ఒక క్లబ్బు తొలుత ఆడినది రగ్బీయని గ్రహింపవలెను. పిమ్మట డ్యూరాండ్ కప్పు 1888లోను, ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 1893లోను వచ్చినవి. 1911 జులై 29న మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ పటాలమును 2–1తో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచిన పిదప ఆ మాటకు వేఱర్థము మిగులలేదు. విజయము రూఢిని స్థిరపఱచెను. ఓడినవారి పటాలము ఏ ప్రాంతము పేర వెలసెనో ఆ ప్రాంతముననే రగ్బీ లీగునకు కాణాచియైన హల్ నగరము కలదు!

హైదరాబాదు సంగతి మఱియు విశేషమైనది. ఉపాధ్యాయులుగా నుండిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిరి. ఆ జట్టు 1950నుండి 1954 వఱకు వరుసగా ఐదు మాఱులు రోవర్స్ కప్పు గెలిచెను. ఆయన శిక్షణలో భారతదేశము 1951, 1962 ఆసియా క్రీడలందు స్వర్ణపతకములు పొందినది. 1956లో ఆయన తన జట్టుతో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలకేగిరి. సికింద్రాబాదువాడైన తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివాడే.

మెల్బోర్న్ నగరమున ఫుట్‌బాలు అనిన మూడవ ఆట. అది 1859లోనే నియమబద్ధమైన ఆస్ట్రేలియన్ ఫుట్‌బాలు. అచ్చటివారికి మన ఆటగాండ్రు సాకరు ఆటగాండ్రే. ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, యుగోస్లావియాచే 4–1తో ఓడిన మన జట్టు మూడవస్థానమునకై బల్గేరియాతో డిసెంబరు 7న మెల్బోర్న్ క్రికెట్ మైదానమున ఆడి 3–0తో ఓటమి చెందినది. అదే దినమున, అదే మైదానమున, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాలు ఒలింపిక్ ప్రదర్శనక్రీడగా ఆడబడినది. ఒకే గడ్డిపై ఒకే నాడు రెండు ఫుట్‌బాలులు! హైదరాబాదు మైదానములందు విశేషణము లేక చెల్లిన మాట, మెల్బోర్న్ నేలపై విశేషణమును కోరెను. ఊరు దాటిన ఆత్మకూరువాని యవస్థ యిదియే.

ఆ దేశముననే ఉత్తరదిక్కుగా పోయినచో సిడ్నీలో ఆ మాట మఱల మాఱును. అచట గాయపడిన ఆటగానికి పరిహారమీయని రగ్బీ సంఘముపై కోపముతో 1907లో రగ్బీ లీగు పుట్టినది; నాటినుండి ‘ఫుట్‌బాలు’ అనిన అచటి జనసామాన్యమునకు అదియే. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇటలీ, గ్రీసు, క్రొయేషియా, హంగరీ దేశములనుండి వచ్చినవారు సాకరు క్లబ్బులు స్థాపించుకొనగా, ఆ యాట వలసవచ్చినవారి ఆటయని చులకనకు గురియాయెను. ఇంగ్లండున సాకరు బలవంతుని ఆట. సిడ్నీలో అది పరదేశి ఆట. అదే ఎత్తిపొడుపు ఒకచోట పీడితుని గోడు, ఇంకొకచోట స్థానబలము కలవాని దర్పము. 2005లో అచటి సాకరు సంఘము ‘ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆస్ట్రేలియా’ యని పేరు మార్చుకొనినపుడు రగ్బీ లీగువారు పొందిన అసంతృప్తిని తూచునపుడు ఈ భేదమును మఱువరాదు. ఒక మాటపై కోపించినవాడెల్ల అన్యాయమునకు గురియైనవాడు కాడు.

6

ఇక మన యింటి సంగతి. తెలుగునేలపై చెడుగుడు అని పిలువబడిన ఆట తమిళదేశమున సడుగుడు, బంగాళమున హాడుడు, మహారాష్ట్రమున హుతుతు. పుణె, బరోడాలయందలి జింఖానాలు 1920 ప్రాంతమున దీనికి నియమములు కూర్చినవి. అమరావతినుండి వెళ్ళిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు 1936లో బెర్లినునందు దీనిని ప్రదర్శించిరి. 1950లో అఖిల భారత సంఘమేర్పడెను. 1990 బీజింగు ఆసియా క్రీడలందు ఈ యాట పతకములకు పాత్రమాయెను. 2014నుండి వృత్తిలీగు నడచుచున్నది. అందు తెలుగు పేరుగల జట్టొకటి కలదు. ఈ ప్రయాణమంతటను నిలిచిన పేరు కబడ్డీ.

ఫుట్‌బాలు వివాదముతో దీనికొక ముఖ్యభేదము కలదు. రగ్బీ లీగు ఆటగాడు ఆడునపుడు తన యాటపేరు పలుకనక్కఱలేదు. మన యాటయందు పేరే కూత. కూతకు వెళ్ళినవాడు ఊపిరి విడువక ‘కబడ్డీ’ యను మాటనే స్పష్టముగ పలుకవలెనని నియమము. వేఱుమాట పలికినచో వెనుకకు పంపి, ఎదుటివారికి గుణమునిత్తురు. కాన ‘చెడుగుడు’ అనుట ఇప్పుడు మాండలికము మాత్రమే కాదు, ఆటలో తప్పు. పేరు మాఱుటతో ఆగక, నోటిలోని ఊపిరికూడ మాఱినది. అయినను దేశమంతయు ఒకే నియమముతో ఆడకున్న బెర్లిను లేదు, బీజింగు లేదు. లాభము నిజము, నష్టమును నిజమే. వింతయేమన, మైదానమున వెలివడిన మాట పలుకుబడిలో బ్రదికియున్నది. ఎదిరిని తికమక పెట్టినవానిని చెడుగుడు ఆడుకొనెననుచున్నాము. అట్లే ఒకని నెత్తికొట్టి ఇటునటు త్రిప్పినచో ఫుట్‌బాలు ఆడుకొనిరనుచున్నాము. ఒకటి దేశ్యము, ఒకటి అన్యదేశ్యము; రెండింటికిని జాతీయపదవి సమముగనే లభించినది.

బంతియను మాటను చూడుడు. ఆడుకొను బంతి, భోజనపు బంతి, బంతిపూవు అని ఒక్క ధ్వనిలో మూడర్థములు. ఏ తెలుగువాడును వీనిలో ఒకటి నిజమైన బంతి, తక్కినవి దొంగబంతులని వాదింపలేదు. సందర్భమే అర్థనిర్ణాయకము. చెండు అనిన ఆటవస్తువును, పూలగుత్తియు. కాలిబంతి యను అనువాదము అక్కడక్కడ కానవచ్చుచున్నను ఫుట్‌బాలే నిలిచినది. మనము ఆ మాటను ఆటతోపాటు గ్రహించితిమేగాని దాని వెనుకటి తగవును గ్రహింపలేదు.

7

ఈ పరిశీలనమువలన మాకు తోచినవి మూడు. మొదటిది: ఫుట్‌బాలు శబ్దమునకు యోగమునుబట్టి ఏ యొక్క ఆటకును పూర్ణాధికారము లేదు. రూఢియే ప్రమాణము, రూఢి దేశకాలములకు లోబడినది. రెండవది: విశేషణము లేని పేరు ఎవనికి దక్కినదను ప్రశ్న భాషలోని బలాబలములను తెలుపు ప్రశ్న. విగన్‌వాని గోడును నవ్వి త్రోసిపుచ్చువాడు 1893లో కూలి అడిగి ఓడినవాని గోడును ఎఱుగనివాడు. మూడవది మన కర్తవ్యమునకు సంబంధించినది. నిఘంటువునందు ‘చెడుగుడు’ చెంత ‘కబడ్డీ చూడుము’ అని వ్రాసి ముగించుట చాలదు. ఆ మాట ఏ సీమయందు ఏ కూతతో పలుకబడెనో, తెలంగాణమున చిర్రగోనె యనుదానిని ఇతరసీమలందు బిళ్ళంగోడు అని ఎట్లనిరో, ఊరూర పెద్దలు జీవించియుండగనే పరిశోధకవిద్యార్థులు సేకరింపవలెను. ఈ కార్యమునకు ఆత్మకూరు వంటి సంస్థానపు ఊరికంటె తగిన ఆరంభస్థానము లేదు.

నిఘంటుకారుడు రెఫరీ కాడు. ఒకని పక్షమున ఈల ఊదరాదు. ఏ యూరివాడు ఏ పేరుతో పిలిచెనో ఆ పేరును ఆ యూరితోసహా వ్రాసియుంచుటయే అతని ధర్మము.